ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధనలో స్కాన్‌నీ జన్యు సమాచారాన్నీ కలపడం ఎలా?

సీటీ స్కాన్ కణితి మొత్తాన్నీ చూపిస్తుంది, కానీ లోపల ఏ జన్యువు చెడిందో చెప్పదు. బయాప్సీ సూది జన్యువు సంగతి చెబుతుంది, కానీ కణితిలో తాను తాకిన ఆ ఒక్క చోటు గురించే. ఒకే కణితిలో ఒక మూల ఉన్న మ్యుటేషన్, అంటే జన్యువులో వచ్చిన మార్పు, ఇంకో మూల ఉండకపోవచ్చు. బ్రిటన్‌లోని ట్రేసర్ఎక్స్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధన 2017లో మొదటి 100 మంది రోగుల ఫలితాలు ప్రచురించినప్పుడు, కణితిలో వేర్వేరు చోట్ల నుంచి ముక్కలు తీసి ఈ తేడాను స్పష్టంగా చూపించింది. అందుకే ఈ రెండు రకాల సమాచారాన్నీ ఒకే రోగి దగ్గర పక్కపక్కన పెట్టి చదవాలన్న ఆలోచన బలపడింది. దీన్నే రేడియోజీనోమిక్స్ అంటున్నారు.

పైథాన్ కొంచెం తెలిసి, ఈ రంగంలో మొదటి ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న విద్యార్థులనూ యువ డాక్టర్లనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. మోడల్ కట్టడం ఇందులో చిన్న పని. ఈ స్కానూ ఈ కణజాలమూ ఒకే కణితివి, ఒకే కాలానివి అని నిర్ధారించుకోవడమే పెద్ద పని. మీ సమయంలో ఎక్కువ భాగం దానికే కేటాయించండి.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

ఈ రంగంలో ప్రశ్నలు ముఖ్యంగా మూడు రకాలు. స్కాన్ చూసి మ్యుటేషన్ ఉందో లేదో అంచనా వేయడం ఒకటి. స్కాన్‌లో కనిపించే లక్షణానికీ కణం లోపల జరిగే ప్రక్రియకూ సంబంధం వెతకడం రెండోది. రెండింటినీ కలిపి రోగి భవిష్యత్తును, అంటే జబ్బు తిరగబెట్టడాన్నో మందు పనిచేయడాన్నో, అంచనా వేయడం మూడోది.

మొదటి రకం పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో చాలావరకు స్కాన్ ఉంటే జన్యు పరీక్ష అక్కర్లేదన్నట్టు ధ్వనిస్తాయి. నేను దీనితో ఏకీభవించను. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉంటే ఒక మందు, ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉంటే మరో మందు ఇస్తారు. ఆ నిర్ణయాన్ని అంచనా మీద తీసుకోకూడదు. బయాప్సీ తీయడం కుదరనప్పుడు, చాలా కణుతుల్లో దేని నుంచి ముక్క తీయాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు, చికిత్స నడుస్తుండగా కణితి స్వభావం మారుతోందా అన్న అనుమానం వచ్చినప్పుడు మాత్రం స్కాన్ చెప్పే సంగతికి విలువ ఉంటుంది. మీ ప్రశ్న అలాంటి చోట నిలబడేలా చూసుకోండి. ఉదాహరణకు: ‘ఆపరేషన్ చేయించుకున్న అడినోకార్సినోమా రోగుల్లో, స్టేజీ తెలిశాక కూడా, స్కాన్ ఫీచర్లూ జన్యు వ్యక్తీకరణా కలిస్తే క్యాన్సర్ తిరగబెట్టడం గురించి కొత్తగా ఏమైనా తెలుస్తుందా?’ (అడినోకార్సినోమా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం. ఫీచర్లంటే స్కాన్ నుంచి లెక్కగట్టే అంకెలు. జన్యు వ్యక్తీకరణ అంటే ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందన్న కొలత.) ఈ వాక్యంలో ‘స్టేజీ తెలిశాక కూడా’ అన్న ముక్క చాలా ముఖ్యం. దాని అవసరం తర్వాత వస్తుంది.

రెండో మెట్టు: డేటా ఎక్కడ దొరుకుతుంది

సొంత ఆసుపత్రి డేటా చేతికందే లోపల, అందరికీ తెరిచి ఉన్న డేటాతో పని నేర్చుకోవచ్చు. ది క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో, అంటే టీసీఐఏలో, ‘ఎన్ఎస్‌సీఎల్‌సీ రేడియోజీనోమిక్స్’ అన్న సేకరణతో మొదలుపెట్టండి (ఎన్ఎస్‌సీఎల్‌సీ అంటే నాన్ స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్). స్టాన్‌ఫర్డ్, పాలో ఆల్టో మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి వచ్చిన 211 మంది రోగుల సమాచారం అందులో ఉంది. సీటీ, పెట్-సీటీ స్కాన్‌లు, కొందరికి ఈజీఎఫ్ఆర్, కేరాస్, ఏఎల్‌కే జన్యువుల పరీక్షల ఫలితాలు, 130 మందికి జన్యు వ్యక్తీకరణను కొలిచే ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్, 144 మందికి కణితి హద్దులు గీసిన ఫైళ్లు దొరుకుతాయి. ఆర్ఎన్ఏ భాగం జియో అనే జన్యు డేటా భాండాగారంలో జీఎస్ఈ103584 పేరుతో ఉంటుంది. ‘ఎన్ఎస్‌సీఎల్‌సీ రేడియోమిక్స్ జీనోమిక్స్’ అన్న మరో సేకరణలో 89 మంది ఉన్నారు. టీసీజీఏ, అంటే ది క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ ప్రాజెక్టులోని అడినోకార్సినోమా, స్క్వేమస్ (ఇంకో రకం క్యాన్సర్) రోగుల్లో కొద్దిమందికి మాత్రమే టీసీఐఏలో స్కాన్‌లు ఉన్నాయి. జన్యు సమాచారం మాత్రం దాదాపు అందరికీ ఉంది.

టీసీఐఏలోనే ఉన్న ఎల్ఐడీసీ సేకరణలో 1,018 స్కాన్‌లు ఉన్నాయని చూసి ఆశపడకండి. నాడ్యూళ్లు, అంటే ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు, గుర్తించడం నేర్చుకోవడానికి అది అద్భుతమైన డేటా, కానీ అందులో జన్యు సమాచారం లేదు.

మూడో మెట్టు: జత కుదర్చడం

ఇక్కడ తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. ఒక పట్టిక తయారు చేయండి. ఒక్కో వరుసలో ఒక్కో రోగి. నిలువు గడుల్లో ఇవి ఉండాలి: రోగి కోడ్, స్కాన్ తేదీ, కణజాలం తీసిన తేదీ, రెండింటి మధ్య రోజులు, ఆ మధ్యలో ఏదైనా చికిత్స జరిగిందా, కణితి ఏ ఊపిరితిత్తిలో ఏ లోబ్‌లో ఉంది, కణజాలం ఎక్కడి నుంచి తీశారు, కణజాలం రకం, ఏ జన్యు పరీక్ష చేశారు.

డేటాను బయటికిచ్చేటప్పుడు తేదీలను జరుపుతారు కాబట్టి తేదీల అసలు విలువను నమ్మకండి. ఒకే రోగికి ఒకే లెక్కన జరిపి ఉంటే మధ్య రోజుల సంఖ్య మారదు. మనకు కావాల్సింది అదే. కానీ స్కాన్ తేదీలను ఒక లెక్కన, క్లినికల్ తేదీలను ఇంకో లెక్కన జరిపిన సందర్భాలు ఉంటాయి. ఆపరేషన్ తేదీ కంటే ‘ఆపరేషన్‌కు ముందు స్కాన్’ తేదీ తర్వాతిదిగా కనిపించిందంటే అక్కడే ఆగి, డేటా వివరణ పత్రం మళ్లీ చదవండి.

స్కాన్‌కీ కణజాలానికీ మధ్య ఎన్ని రోజులు ఒప్పుకోవాలన్నది మీరు ముందే నిర్ణయించుకుని రాసిపెట్టుకోండి. ఫలితాలు చూశాక ఆ గీతను జరపకూడదు. మధ్యలో కీమోథెరపీ గానీ టార్గెటెడ్ మందు గానీ పడి ఉంటే ఆ జతను పక్కన పెట్టండి. ఈజీఎఫ్ఆర్ మందు వాడిన రోగిలో టీ790ఎం అనే మ్యుటేషన్ కొత్తగా పైకి రావడం మామూలే. మందుకు ముందు తీసిన స్కాన్‌ని ఆ తర్వాతి కణజాలంతో కలిపితే అది జత కాదు.

ఒక చిన్న గడి ఎంత నష్టం చేయగలదో దగ్గరగా చూద్దాం. టీసీజీఏ నమూనాల కోడ్ ‘టీసీజీఏ’ అన్న నాలుగక్షరాలతో మొదలవుతుంది. తర్వాత సేకరించిన చోటు, రోగి, ఆ పైన రెండంకెల నమూనా రకం వస్తాయి. 01 అంటే అసలు కణితి, 10 అంటే రక్తం, 11 అంటే కణితి పక్కనున్న మామూలు కణజాలం. రోగి కోడ్ వరకే కత్తిరించి రెండు పట్టికలను కలిపితే, కొందరికి 01 బదులు 11 వచ్చి చేరుతుంది. అప్పుడు మీ మోడల్ కణితి బొమ్మనూ, ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి జన్యు వ్యక్తీకరణనూ జత చేసి చదువుతుంది. ఎర్రర్ రాదు, కోడ్ ఆగదు, ఫలితం మాత్రం బలహీనంగా వస్తుంది. కారణం తెలియక మీరు వారాల తరబడి మోడల్‌ని మారుస్తూ కూర్చుంటారు. పట్టికలు కలిపిన ప్రతిసారీ ముందు ఎన్ని వరుసలున్నాయో, తర్వాత ఎన్ని ఉన్నాయో చెక్ చేయండి. ఒక్క రోగికి రెండు వరుసలు వస్తే ఎందుకొచ్చాయో తేల్చుకోండి.

ఇంకొకటి. ‘మ్యుటేషన్ లేదు’ వేరు, ‘పరీక్ష చేయలేదు’ వేరు. ఖాళీ గడులను సున్నాలతో నింపే అలవాటును ఇక్కడ మానుకోవాలి. పాత రోగులకు కొన్ని జన్యువులను మాత్రమే పరీక్షించి ఉంటారు. ప్యానెల్‌లో, అంటే పరీక్షించిన జన్యువుల జాబితాలో, లేని జన్యువు గురించి మనకు ఏమీ తెలియదని అర్థం, అంతే. ఈజీఎఫ్ఆర్, కేరాస్ మ్యుటేషన్లు సాధారణంగా ఒకే కణితిలో కలిసి ఉండవు. మీ పట్టికలో చాలామందికి రెండూ ఉన్నట్టు కనిపిస్తే ఆ గడులు ఎక్కడో తారుమారయ్యాయని అనుమానించండి.

నాలుగో మెట్టు: స్కాన్‌లను ఒక దారికి తేవడం

డైకామ్ (స్కాన్‌లు దాచే ఫార్మాట్) ఫైళ్ల నుంచి ప్రతి స్కాన్‌కీ స్లైస్ మందం, రీకన్‌స్ట్రక్షన్ కెర్నెల్ (బొమ్మ ఎంత పదునుగా రావాలో నిర్ణయించే ఫిల్టర్), కాంట్రాస్ట్ మందు ఇచ్చారా, మెషీన్ కంపెనీ, మోడల్ పేరు తీసి పట్టికలో పెట్టండి. ఇవి తర్వాత తప్పకుండా పనికొస్తాయి. 8 మిల్లీమీటర్ల నాడ్యూల్ 1 మిల్లీమీటర్ స్లైసుల్లో ఎనిమిది చోట్ల కనిపిస్తుంది, 5 మిల్లీమీటర్ల స్లైసుల్లో ఒకటి రెండు చోట్లే. అంత మందపు స్కాన్ నుంచి టెక్స్చర్ లెక్కలు, అంటే కణితి లోపలి పిక్సెల్ విలువల అమరిక లెక్కలు, తీసినా వాటికి పెద్దగా అర్థం ఉండదు.

పిక్సెల్ విలువలను రీస్కేల్ స్లోప్, ఇంటర్‌సెప్ట్‌లతో హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలోకి (సీటీలో సాంద్రత కొలమానం) మార్చండి. గాలి మైనస్ 1000 దగ్గర, నీరు 0 దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి. స్కాన్‌లన్నిటినీ మూడు దిశల్లోనూ 1 మిల్లీమీటర్‌కి రీశాంపుల్ చేయడం, అంటే ఒకే కొలత గడుల్లోకి మళ్లీ లెక్కించడం, ఎక్కువగా నడుస్తున్న పద్ధతి. దానికి స్కాన్‌కి బీ-స్ప్లైన్ పద్ధతి వాడినా, కణితి మాస్క్‌కి (కణితి ఉన్న చోట 1, లేని చోట 0 ఉండే ఫైల్) మాత్రం నియరెస్ట్ నైబర్ పద్ధతి వాడాలి. లేకపోతే 0, 1 మాత్రమే ఉండాల్సిన చోట దశాంశాలు పుట్టుకొస్తాయి.

ఐదో మెట్టు: కణితి హద్దు గీయడం

ఊపిరితిత్తి మధ్యలో ఒంటరిగా ఉన్న గట్టి నాడ్యూల్‌ను గీయడం తేలికే. అసలు కష్టం మూడు చోట్ల వస్తుంది. కణితి ఛాతీ గోడకు అంటుకుని ఉన్నప్పుడు, రక్తనాళం కణితిలోకి దూరినప్పుడు, కణితి గాలి దారిని మూసేసి దాని అవతలి ఊపిరితిత్తి భాగం ముడుచుకుపోయినప్పుడు. ముడుచుకుపోయిన భాగానికీ కణితికీ సీటీలో తేడా దాదాపు కనిపించదు. పెట్ స్కాన్ ఉంటే పక్కన పెట్టుకుని గీయండి.

పార్ట్ సాలిడ్ నాడ్యూల్ దగ్గర కాసేపు ఆగాలి. మధ్యలో గట్టి భాగం, చుట్టూ మసక గాజులా గ్రౌండ్ గ్లాస్ భాగం ఉంటుంది. విండో అంటే తెరమీద చూపించే హౌన్స్‌ఫీల్డ్ విలువల పరిధి. లంగ్ విండోలో, అంటే వెడల్పు 1500, మధ్య బిందువు మైనస్ 600 పెట్టి చూస్తే, ఆ మసక పొర బాగా కనిపిస్తుంది. మీడియాస్టైనల్ విండోకి మారగానే మాయమవుతుంది. అంటే ఏ విండోలో గీశారన్న దాన్ని బట్టి కణితి పరిమాణమే మారిపోతుంది. గ్రౌండ్ గ్లాస్ భాగానికీ ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్‌కీ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చూపించాయి. కాబట్టి ఒకరు దాన్ని లోపల కలిపి, ఇంకొకరు వదిలేసి గీస్తే, మీరు వెతుకుతున్న సంకేతమే చెదిరిపోతుంది. గీసే ముందే నియమం రాసి పెట్టుకోండి: లంగ్ విండోలో గీయాలి, మసక భాగం కలపాలి, గట్టి భాగానికి విడిగా రెండో మాస్క్ గీయాలి.

త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఆటోమేటిక్‌గా గీసే మోడల్‌తో మొదలుపెట్టి చేత్తో దిద్దితే సమయం కలిసొస్తుంది. ఎలా గీసినా, గీసేవాళ్లకు ఆ రోగి మ్యుటేషన్ ఫలితం తెలియకూడదు. కొన్ని స్కాన్‌లను ఇద్దరితో విడివిడిగా గీయించండి. ఛాతీ స్కాన్‌లు చదివే రేడియాలజిస్టు కనీసం ఆఖరి చూపు చూడాలి. ఆయన రెండు నిమిషాల్లో పట్టుకునే తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

ఆరో మెట్టు: ఫీచర్లు తీయడం, వాటిలో నిలబడేవి ఏరడం

పైరేడియోమిక్స్ అనే పైథాన్ ప్యాకేజీతో మామూలు స్కాన్ నుంచి 107 ఫీచర్లు వస్తాయి. వేవ్‌లెట్ ఫిల్టర్లు కలిపితే 851 అవుతాయి. సెట్టింగులన్నీ ఒక పారామీటర్ ఫైల్‌లో రాసి దాచండి. సీటీకి బిన్ వెడల్పు (పిక్సెల్ విలువలను గుంపులు కట్టే అంతరం) 25 యూనిట్లతో మొదలుపెట్టడం మామూలు.

ఇప్పుడు ఈ 851లో ఎన్ని నిజంగా కణితి గురించి మాట్లాడుతున్నాయో చూడాలి. టీసీఐఏలోని రైడర్ సేకరణలో 32 మంది రోగులను కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు స్కాన్ చేశారు. అంతలో కణితి మారదు కాబట్టి, ఆ రెండు స్కాన్‌ల మధ్య విలువ మారిన ఫీచర్‌ను నమ్మలేం. ఇద్దరు గీసిన మాస్కుల మధ్య మారిపోయే ఫీచర్లనూ ఇలాగే తీసేయండి. దీనికి ఐసీసీ అనే కొలత వాడతారు. రెండు కొలతలు ఎంత దగ్గరగా ఉంటే అది 1కి అంత దగ్గరగా వస్తుంది. 0.75కి గానీ 0.8కి గానీ తక్కువ వచ్చినవాటిని వదిలేయడం పరిపాటి.

తర్వాత ప్రతి ఫీచర్‌కీ కణితి ఘనపరిమాణంతో సంబంధం ఎంతుందో చూడండి. ఈ హెచ్చరిక వెనక పెద్ద కథే ఉంది. 2014లో ఆర్ట్స్ బృందం వెయ్యిమందికి పైగా రోగుల స్కాన్‌ల మీద, 440 ఫీచర్ల నుంచి ఏరిన నాలుగింటితో, రోగి ఎంతకాలం బతుకుతారో అంచనా వేయవచ్చని చూపించింది. ఈ రంగానికి ఊపు వచ్చింది ఆ పేపర్‌తోనే. 2019లో వెల్చ్ బృందం ఆ నాలుగింటినీ మళ్లీ పరీక్షించింది. కణితి లోపలి పిక్సెల్ విలువలను అటూ ఇటూ కలిపేసినా అంచనా దెబ్బతినలేదు. అంటే పేరు టెక్స్చర్‌ది, పని పరిమాణానిది. మీ ఫలితానికి కూడా ఇదే పరీక్ష పెట్టండి. ఘనపరిమాణం ఒక్కటే వాడిన మోడల్‌ని మీ పెద్ద మోడల్ ఓడించలేకపోతే, మిగతా 850 ఫీచర్ల వల్ల ఒరిగిందేమీ లేదు.

ఏడో మెట్టు: జన్యు సమాచారాన్ని సిద్ధం చేయడం

మ్యుటేషన్ డేటా అయితే కణజాలంలో క్యాన్సర్ కణాల శాతం చూడండి. క్రోమోజోమ్ కాపీల్లో మార్పు లేకపోతే, రెండు కాపీల్లో ఒకదానికే మ్యుటేషన్ ఉంటే, 60 శాతం క్యాన్సర్ కణాలున్న ముక్కలో ఆ మ్యుటేషన్ 30 శాతం రీడ్స్‌లో (సీక్వెన్సింగ్‌లో చదివిన డీఎన్ఏ ముక్కలు) కనిపించాలి. క్యాన్సర్ కణాలు 20 శాతమే ఉంటే 10 శాతానికి పడిపోతుంది. అలాంటి ముక్కలో ‘లేదు’ అని వచ్చిన ఫలితాన్ని గట్టిగా నమ్మకూడదు. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్లన్నిటినీ ఒక గాట కట్టాలా వద్దా అన్నది కూడా ఆలోచించండి. 19వ ఎక్సాన్ డిలీషన్లూ ఎల్858ఆర్ అనే రెండు రకాల మ్యుటేషన్లనూ కలిపితే అధిక భాగం వచ్చేస్తుంది. మిగతా అరుదైనవి మందులకు స్పందించే తీరు వేరు.

ఆర్ఎన్ఏ డేటా అయితే ప్రోటీన్లు తయారుచేసే జన్యువులే సుమారు 20,000. 130 మంది రోగులకు 20,000 కొలతలంటే ఏదో ఒకటి యాదృచ్ఛికంగా కలవక మానదు. కాబట్టి ఒక్కో జన్యువును విడిగా పట్టుకోకుండా, జన్యు సమూహాల స్థాయికి వెళ్లండి. ఎంసిగ్‌డీబీ అనే జన్యు సమూహాల డేటాబేస్‌లోని హాల్‌మార్క్ సేకరణలో 50 సమూహాలే ఉంటాయి. కణ విభజన, ఆక్సిజన్ కొరత, రోగనిరోధక స్పందన వంటివి. ఒక్కో రోగికి ఒక్కో సమూహం స్కోరు లెక్కేస్తే 20,000 గడులు 50కి దిగుతాయి, పైగా వచ్చిన ఫలితానికి జీవశాస్త్ర అర్థం వెంటనే చెప్పొచ్చు. ఎన్ని పోలికలు చేశారో అన్నిటికీ బెంజమిని-హోచ్‌బెర్గ్ సవరణ (యాదృచ్ఛికంగా కలిసినవాటిని అదుపు చేసే లెక్క) వేయడం మాత్రం మర్చిపోకండి.

స్కాన్‌లు వేర్వేరు మెషీన్ల నుంచి, ఆర్ఎన్ఏ వేర్వేరు బ్యాచ్‌ల నుంచి వచ్చి ఉంటే ఆ తేడాలను తగ్గించే కాంబ్యాట్ అనే సవరణ పనికొస్తుంది. 2007లో జన్యు వ్యక్తీకరణ డేటా కోసం పుట్టిన ఈ పద్ధతిని తర్వాత స్కాన్ ఫీచర్లకూ వాడుకున్నారు. కానీ దాన్ని ట్రైనింగ్ డేటా మీదే నేర్పించాలి. ఒక ఆసుపత్రి నుంచి మ్యుటేషన్ ఉన్నవాళ్లే ఎక్కువగా వచ్చి ఉంటే, ఆసుపత్రి తేడాతో పాటు అసలు సంకేతాన్ని కూడా ఇది తుడిచేయగలదు.

ఎనిమిదో మెట్టు: కలపడం

రెండు రకాల ఫీచర్లనూ ఒకే పట్టికలో పక్కపక్కన పేర్చి ఒక మోడల్‌కి ఇవ్వొచ్చు. లేదా స్కాన్‌కి ఒక మోడల్, జన్యువులకు ఒక మోడల్ విడిగా కట్టి చివర్లో వాటి స్కోర్లను కలపొచ్చు. లేదా డీప్ లెర్నింగ్‌తో మధ్యలో కలపొచ్చు. రోగులు వందల్లోనే ఉంటే నా ఓటు రెండో పద్ధతికే. ఎవరికైనా జన్యు సమాచారం లేకపోయినా స్కాన్ మోడల్ పనిచేస్తుంది, దేని వల్ల ఎంత లాభమో విడిగా తెలుస్తుంది. అనవసర ఫీచర్లను తనే వదిలేసే లాసో లాంటి సరళమైన మోడల్ చాలు.

వరుసగా ఐదు మోడళ్లు కట్టండి. క్లినికల్ వివరాలు మాత్రమే, క్లినికల్‌తో ఘనపరిమాణం, క్లినికల్‌తో స్కాన్, క్లినికల్‌తో జన్యువులు, చివరికి అన్నీ కలిపి. వయసు, లింగం, ధూమపానం, స్టేజీ క్లినికల్ మోడల్‌లో ఉండాలి. పొగతాగనివాళ్లలో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్లు ఎక్కువ, పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో ఎంఫసీమా (గాలి గదులు పాడైపోవడం) ఎక్కువ. కాబట్టి మీ స్కాన్ మోడల్ కణితిని చూడకుండా, పొగ అలవాటును పసిగట్టి మార్కులు కొట్టేస్తూ ఉండొచ్చు. స్టేజీ విషయంలోనూ ఇలాగే జరగొచ్చు. ‘స్టేజీ తెలిశాక కూడా’ అన్న మాట ముందే ప్రశ్నలో పెట్టింది ఇందుకే.

తొమ్మిదో మెట్టు: నిజంగా పనిచేస్తోందా?

ఏయూసీ 0.9 వచ్చిందని సంబరపడకండి, ఇల్లు అలకగానే పండుగ కాదు. (ఏయూసీ అంటే మోడల్ రెండు గుంపులను ఎంత బాగా విడదీస్తోందన్న కొలత; 1 అంటే పూర్తిగా సరి, 0.5 అంటే నాణెం ఎగరేసినట్టు.) ట్రైనింగ్, టెస్ట్ భాగాలు రోగుల వారీగా విడిపోయాయా? ఒకే రోగి స్లైసులు రెండు వైపులా పడితే అది చూసి రాయడమే. ఫీచర్లు ఏరడం, స్కేల్ చేయడం, కాంబ్యాట్ అన్నీ క్రాస్ వాలిడేషన్ (డేటాను భాగాలు చేసి వంతులవారీగా పరీక్షించడం) లోపలే జరిగాయా? మొత్తం డేటా మీద ఫీచర్లు ఏరి తర్వాత విడగొట్టడం ఈ రంగంలో ఎక్కువగా కనిపించే తప్పు. లేబుళ్లను కలిపేసి మొత్తం ప్రక్రియను మళ్లీ మళ్లీ నడపండి. ఏయూసీ సగటున 0.5 దగ్గరికి రావాలి. రాకపోతే ఎక్కడో లీక్ ఉంది, అంటే టెస్ట్ సమాచారం ట్రైనింగ్‌లోకి జారింది.

చిన్న టెస్ట్ సెట్‌తో టెన్షన్ పడాల్సిన కారణం లెక్కలోనే ఉంది. టెస్ట్‌లో 30 మంది ఉండి, వాళ్లలో మ్యుటేషన్ ఉన్నవాళ్లు 6 మందే అయితే, ఒక్క రోగి అటు నుంచి ఇటు మారితే సెన్సిటివిటీ (మ్యుటేషన్ ఉన్నవాళ్లలో మోడల్ పట్టుకున్నవాళ్ల శాతం) దాదాపు 17 పాయింట్లు ఊగుతుంది. బూట్‌స్ట్రాప్‌తో, అంటే అదే డేటా నుంచి మళ్లీ మళ్లీ నమూనాలు తీసి, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ తప్పకుండా ఇవ్వండి. తర్వాత వేరే ఆసుపత్రి, వేరే మెషీన్, వీలైతే వేరే జనాభా మీద పరీక్షించండి. తూర్పు ఆసియా అడినోకార్సినోమా రోగుల్లో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్లు యూరప్ మూలాలున్నవాళ్లలో కంటే చాలా ఎక్కువ. ఒకచోట కట్టిన మోడల్ ఇంకోచోట రోగులను సరైన క్రమంలో పెట్టినా, సంభావ్యత శాతాలు మాత్రం తప్పుతాయి. అందుకే ఏయూసీతో పాటు, మోడల్ చెప్పిన శాతాలను అసలు శాతాలతో పోల్చే కాలిబ్రేషన్ గ్రాఫ్ కూడా గీయండి.

పదో మెట్టు: దాచడం, పంచుకోవడం

నీతి సంఘం అనుమతి పని మొదలుకాకముందే తీసుకోవాలి. డైకామ్ హెడర్లలో పేరు, పుట్టిన తేదీ తీసేస్తే సరిపోదు, కంపెనీలు సొంతంగా పెట్టుకునే ప్రైవేట్ ట్యాగుల్లో కూడా రోగి వివరాలు ఉంటాయి. పేరు తీసేసినా జన్యు సమాచారం ఆ మనిషిని పట్టిస్తుంది. కాబట్టి ముడి సీక్వెన్స్ ఫైళ్లను నియంత్రిత అనుమతి ఉన్న భాండాగారంలోనే పెట్టండి. పేపర్ రాసేటప్పుడు ఇలాంటి పేపర్లలో ఏమేం చెప్పాలో సూచించే ట్రైపాడ్, క్లెయిమ్ చెక్‌లిస్టులను దగ్గర పెట్టుకోండి. కోడ్‌తో పాటు పారామీటర్ ఫైల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, ర్యాండమ్ సీడ్, అనుమతి ఉంటే మాస్కులు, మధ్యలో పక్కన పెట్టిన రోగుల కోడ్‌లు, ఒక్కొక్కరినీ ఎందుకు పక్కన పెట్టారో కారణం కూడా ఇవ్వండి.